క్షమాపణ ఎవరిది?

తెలుగులో 'క్షమాపణ' అనే మాటతో ఒక చిక్కుంది. తప్పు చేసినవాడు చెప్పేదీ క్షమాపణే, దెబ్బతిన్న మనిషి ఇచ్చేదీ క్షమాపణే. చర్చిలో 'పాపక్షమాపణ' అంటే దేవుడు ఇచ్చేది. పెద్దమనుషుల ముందు 'క్షమాపణ చెప్పాడు' అంటే మగవాడు రెండు ముక్కల్లో ముగించేది. ఎవరైనా 'క్షమాపణ అయిపోయింది కదా' అంటే, చెప్పడం అయిందా, ఇవ్వడం అయిందా అని మనం ఆగి అడగం. అడగని ఆ సందులోనే బాధపడ్డ స్త్రీ కనిపించకుండా పోతుంది.

మిరియం టేవ్స్ నవల 'విమెన్ టాకింగ్' (2018) గురించి రాయాలనిపించింది అందుకే. పశ్చాత్తాపపడినవాణ్ణి సంఘం తిరిగి చేర్చుకోవడం క్రైస్తవంలో చాలా గొప్ప ఆచారం. ఆ ఆచారంలో, అతని చేతిలో నలిగిన మనిషికి చోటెక్కడ అని ఈ నవల అడుగుతుంది.

టేవ్స్ 1964లో కెనడాలోని స్టైన్‌బాక్ అనే ఊళ్ళో మెనోనైట్ కుటుంబంలో పుట్టింది. మెనోనైట్లది 16వ శతాబ్దపు యూరప్‌లో మొదలైన, ఆయుధం పట్టని సంప్రదాయం. మనకి మరీ కొత్తవాళ్ళేం కాదు. మహబూబ్‌నగర్ ప్రాంతంలో వేళ్ళూనుకున్న మెనోనైట్ బ్రెదరన్ సంఘాలు ఆ చెట్టు కొమ్మే. నవలకు ఆధారం బొలీవియాలోని మానిటోబా కాలనీ అనే మెనోనైట్ ఆవాసంలో 2005-2009 మధ్య జరిగిన ఘోరం. పశువులకు వాడే మత్తుమందుని రాత్రిపూట ఇళ్ళలోకి చిమ్మి, స్పృహ తప్పిన ఆడవాళ్ళ మీద, చిన్నపిల్లల మీద కూడా, సొంత సంఘం మగవాళ్ళే అత్యాచారాలు చేశారు. ఒంటిమీద నెత్తురుతో, నొప్పులతో లేచిన స్త్రీలకు అది దెయ్యాల పని అనో, వాళ్ళ ఊహ అనో జవాబు దొరికింది. 2011లో బొలీవియా కోర్టు ఏడుగురికి 25 ఏళ్ళ చొప్పున, మందు సమకూర్చినవాడికి 12 ఏళ్ళు శిక్ష వేసింది.

టేవ్స్ ఆ అత్యాచారాలను దృశ్యాలుగా పరచదు. నేరం బయటపడిన తర్వాత ఏం జరిగిందన్నదే ఆమెకు ముఖ్యం. ఆమె కల్పించిన మొలోచ్నా కాలనీలో, నిందితులను బెయిలు మీద తీసుకురావడానికి మగవాళ్ళు పట్నం వెళ్ళిన రెండు రోజుల్లో, ఎనిమిది మంది స్త్రీలు గడ్డి దాచే అటక మీద రహస్యంగా కూర్చుని మాట్లాడుకుంటారు. బిషప్ పీటర్స్ ఆజ్ఞ స్పష్టంగా ఉంది. మగవాళ్ళు తిరిగి రాగానే స్త్రీలు క్షమించాలి. అప్పుడే అందరికీ పరలోకంలో చోటు. క్షమించకపోతే కాలనీ విడిచి పోవాలి. వాళ్ళ ముందున్న దారులు మూడు: ఊరుకోవడం, ఉండి పోరాడడం, వెళ్ళిపోవడం.

ఇక్కడ క్రమం గమనించాలి. చేసినవాళ్ళు ఇంకా ఇంటికే రాలేదు. తప్పు ఒప్పుకుని ఒక్క మాట అనలేదు. అయినా క్షమించే గడువు మాత్రం ముందే ఖరారైపోయింది. తెలుగు క్రైస్తవులు పశ్చాత్తాపానికి 'మారుమనస్సు' అంటారు. ఎంత మంచి మాట! మనసు మారాలి, అది కనబడాలి. పీటర్స్ లెక్కలో మారవలసిన మనసు స్త్రీలది. వాళ్ళ కోపం పోతే సంఘం బాగుపడినట్టే.

అటక మీది స్త్రీలు చదువురాని వాళ్ళు. వాళ్ళు మాట్లాడే ప్లాట్‌డైచ్‌కు ఆ కాలనీలో రాత లేదు. కానీ వాళ్ళ తర్కం పదునైనది. బలవంతాన చెప్పించిన క్షమాపణ నిజం కాదు. నిజం కానిదాన్ని దేవుడి ముందు పలికితే అబద్ధమాడిన పాపం. అంటే క్షమించనందుకు పోయే పరలోకం, క్షమించినట్టు నటించినందుకూ పోతుంది. బిషప్ ఆజ్ఞను ఆయన నమ్మే దేవుడి పేరు మీదే కూలదోస్తారు. ఈ స్త్రీలు విశ్వాసాన్ని వదులుకోవడం లేదు. విశ్వాసాన్ని బిషప్ చేతిలోంచి తమ చేతిలోకి తీసుకుంటున్నారు. ఇది నాకు ఈ నవలలో అన్నిటికన్నా విలువైన విషయం. మతం పితృస్వామ్యమే కాబట్టి క్షమ కూడా పితృస్వామ్యమే అని ఒక్క వాక్యంలో తేల్చేసే స్త్రీవాద విమర్శ ఈ అటక మీద ఏం జరుగుతోందో వినలేదు.

తిరిగి చేర్చుకోవడానికి సంఘాలు ఆధారంగా చూపేది మత్తయి సువార్త 18వ అధ్యాయం. నీకు అన్యాయం చేసిన సోదరుణ్ణి ఒంటరిగా కలిసి చెప్పు, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకు వెళ్ళు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. స్థూలంగా అదీ పద్ధతి. ఇందులో మొదటి అడుగు బాధపడ్డవాళ్ళది. పిలిచేది వాళ్ళు, చెప్పేది వాళ్ళు. వినవలసినవాడు తప్పు చేసినవాడు. కానీ ఇద్దరూ సమానులన్న ఊహ మీదే ఈ పద్ధతి నిలబడుతుంది. ఒకరు పేరుమోసిన గురువు, మరొకరు అతని విద్యార్థిని అయినప్పుడు 'ఒంటరిగా కలిసి చెప్పు' అన్నది ఆమెను మళ్ళీ అతని గదిలోకే పంపుతుంది.

ఇది కేవలం ఊహ కాదు. అమెరికా మెనోనైట్ వేదాంతి జాన్ హోవర్డ్ యోడర్ (1927-1997) అహింస మీద రాసిన 'ది పాలిటిక్స్ ఆఫ్ జీసస్' (1972) ప్రపంచమంతా చదివిన పుస్తకం. తప్పు చేసిన సభ్యుణ్ణి మత్తయి 18 ప్రకారం ఎలా సరిదిద్దాలో 1960లలోనే వ్యాసం రాసినవాడు ఆయన. అదే మనిషి ఏళ్ళ తరబడి విద్యార్థినులను, సంఘ స్త్రీలను లైంగికంగా వేధించాడు. 1984లో సెమినరీ ఆయన్ని చప్పుడు లేకుండా పంపేసింది. ఆరోపణలు చేసినవాళ్ళు తనను ముఖాముఖి కలవాలని ఆయన మత్తయి 18నే అడ్డం పెట్టుకున్నాడు. 1992లో ఎనిమిది మంది స్త్రీలు సంఘం నియమించిన బృందం ముందుకు వచ్చి చెప్పుకున్నాక క్రమశిక్షణ ప్రక్రియ మొదలైంది. నాలుగేళ్ళు నడిచి 1996లో ముగిసింది. ఆయన రచనా బోధనా వరాలను మళ్ళీ వాడుకోవచ్చని సంఘం అంది. 2015లో చరిత్రకారిణి రేచల్ వాల్ట్‌నర్ గూసెన్ పరిశోధన వెలువడింది. బాధిత స్త్రీల సంఖ్య నూరు దాటి ఉంటుందని అందులో తేలింది. ఆ ఏడాది మార్చిలో సెమినరీ ఆ స్త్రీల కోసం విలాప ఆరాధన జరిపి తన తప్పు ఒప్పుకుంది. అప్పటికి యోడర్ చనిపోయి పదిహేడేళ్ళు దాటింది.

1992 నుంచి 1996 దాకా ఆ నాలుగేళ్ళలో సంఘం శ్రద్ధ ఎవరి మీద? ఆయన ఆత్మ మీద, ఆయన ప్రతిభ మీద, ఆయన తిరిగి రావడం మీద. తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి పరుగెత్తి వెళ్ళి కౌగిలించుకుంటాడు. ఎన్నిసార్లు విన్నా కళ్ళు చెమర్చే కథే. కానీ ఆ కొడుకు తగలేసింది ఆస్తి. ఒక మనిషి ఒంటిని, నిద్రని, నమ్మకాన్ని నాశనం చేసినవాడి విషయంలో ఆ కథనే కొలతగా పట్టుకుంటే, విందుకు దూడని వధించేది ఎవరి ఇంట్లోంచి?

సాహిత్యం కూడా చాలాకాలం ఆ కొడుకు వెంటే నడిచింది. టాల్‌స్టాయ్ 'రిసరక్షన్' (1899)లో నెహ్లూదవ్ పశ్చాత్తాపం నవల పొడవునా సాగుతుంది. అయితే టాల్‌స్టాయ్ గొప్పతనం ఏమిటంటే, జైలు గదిలో కత్యూషా చేత అతన్ని నిలదీయిస్తాడు. అప్పుడు నన్ను అనుభవించావు, ఇప్పుడు నన్ను అడ్డం పెట్టుకుని నీ ఆత్మని కాపాడుకోవాలనుకుంటున్నావు అన్నది ఆమె కోపంలోని సారం. చివరికి అతనితో పెళ్ళిని ఆమే కాదంటుంది. కత్యూషాకి ఒంటరిగా తట్టిన మాటను టేవ్స్ ఎనిమిది మంది చర్చగా మార్చింది.

చిన్నప్పుడు సెలవులకి వెళ్ళిన ఒక పల్లెలో చూసిన ఆదివారం ఒకటి నాకు ఇప్పటికీ గుర్తే. అది ఏ సంఘమన్నది ఇక్కడ అనవసరం. భార్యని చెయ్యి విరిగేలా కొట్టిన ఒకాయన మూడు నెలలు ప్రభువు బల్లకి దూరంగా ఉన్నాడు. ఆ రోజు ముందుకొచ్చి మోకరించి ఏడ్చాడు. పెద్దలు ఆయన తలమీద చేతులుంచి ప్రార్థించారు. తర్వాత ఆమెని పిలిచారు. "నువ్వు కూడా ఒక మాట చెప్పమ్మా" అన్నారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని తల ఊపింది. 'ఆమేన్' అన్నారంతా. ఆయన కన్నీళ్ళు దొంగవని నేను అనను. కానీ ఆ మూడు నెలలూ ఆ విరిగిన చేత్తో వంట ఎవరు చేశారో, ఇంట్లో ఆయన చెయ్యి లేచిందో లేదో ఒక్కరూ అడగలేదు. ఆమె మౌనం ఆ కార్యక్రమంలో ఆఖరి అంశం, అంతే.

క్షమించడం, తిరిగి చేర్చుకోవడం వేరువేరు పనులని నేను అనేది ఇందుకే. మొదటిది బాధపడ్డ మనిషిది. ఆమె ఇష్టం, ఆమె కాలం. రెండోది సంఘానిది. దానికి నిజం బయటపెట్టడం, అధికారం తీసేయడం, నష్టం పూడ్చడం, కాపలా ఉండడం వంటి కష్టమైన పనులున్నాయి. వీటిని చేయలేని సంఘం మొదటిదాన్ని ఆమె నుంచి లాక్కుని రెండోదానికి బదులుగా వాడుకుంటుంది. 1999లో ఒరిస్సాలోని మనోహర్‌పూర్‌లో భర్త గ్రాహంనీ ఇద్దరు కొడుకులనీ సజీవంగా తగలబెట్టినవాళ్ళని గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించింది. అలా చేయమని ఆమెని ఆజ్ఞాపించిన బిషప్ లేడు. ఆ క్షమ కోర్టుని ఆపలేదు. ప్రధాన నిందితుడి యావజ్జీవాన్ని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమ, న్యాయం పక్కపక్కనే నడవగలవు.

నవలతో నాకొక పేచీ ఉంది. స్త్రీల మాటలు రాసిపెట్టేది ఆగస్ట్ ఎప్ అనే మగవాడు. స్త్రీలకు రాయడం రాదు కాబట్టి ఇది కథలో సహజమే. ఒక మగవాడు నోరు మూసుకుని వినే పాత్రలో ఉండడం కూడా అందమైన తలకిందులే. అయినా ఆగస్ట్ ప్రేమ, అతని ఒంటరితనం పేజీలు ఆక్రమించిన చోట, మళ్ళీ ఒక మంచి మగవాడి ఆత్మ దగ్గరికే వచ్చామా అనిపిస్తుంది. సారా పోలీ 2022లో తీసిన సినిమా కథనాన్ని ఆట్యా అనే అమ్మాయి గొంతుకి ఇచ్చింది. కొట్టే భర్తని ఓర్చుకోమని కూతురికి చెబుతూ వచ్చిన తల్లి, ఆ కూతురికి క్షమాపణ చెప్పుకునే ఘట్టం ఆ సినిమాలో ఉంది. క్షమించమని నేర్పేది బిషప్పు ఒక్కడే కాదు, అమ్మలు కూడా. 'క్షమ' అనేది భూమికి పేరు. భార్య ఓర్పులో భూదేవిలా ఉండాలన్న కొలత మనకి క్రైస్తవం కన్నా పాతది.

చివరికి ఆ స్త్రీలు బళ్ళు కట్టుకుని వెళ్ళిపోతారు. ఈ ముగింపుని మన నేల మీద నిలిపి చూస్తే ఇంకో ప్రశ్న వస్తుంది. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్ళు. ఊరు వెలివేసిన చోట సంఘమే వాళ్ళకి పేరు, చదువు, నలుగురిలో కూర్చునే చోటు ఇచ్చింది. అలాంటి సంఘంలోంచి ఒక దళిత స్త్రీ ఎక్కడికి వెళ్ళగలదు? పోలీస్ స్టేషన్‌కి వెళితే అక్కడున్నది మళ్ళీ ఆ ఊరే. 'మన పరువు తీయకమ్మా' అన్న మాటకి ఆమె దగ్గర రెండింతల బరువుంటుంది. కాబట్టి వెళ్ళిపోవడమే విముక్తి అని ఆమెకి చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమె విషయంలో రెండో దారిని, ఉండి పోరాడే దారిని, సంఘం లోపలే తెరవాలి. విచారించే పెద్దల్లో స్త్రీలు సగముండాలి. తిరిగి చేర్చుకునే రోజు ఆమెని ముందుకు పిలవకూడదు. క్షమించానని ఆమె అనకపోయినా ఆమె చోటు ఆమెకుండాలి.

సువార్తల గ్రీకులో 'క్షమించు' అన్నచోట వాడిన 'అఫియేమి' అనే క్రియకు వదిలేయడం, విడిచి వెళ్ళడం అనే అర్థాలూ ఉన్నాయి. తెలుగులో 'విడిచిపెట్టు' కూడా అంతే. అప్పు విడిచిపెడతాం, కోపం విడిచిపెడతాం, మనిషిని విడిచిపెడతాం. ఇందులో ఏది విడిచిపెట్టాలో, ఎప్పుడో, అసలు విడిచిపెట్టాలో లేదో అటక మీది స్త్రీలు తమలో తాము తేల్చుకున్నారు. ప్రతి సంఘంలోనూ ఆడవాళ్ళకి అలాంటి ఒక అటక ఉండాలి. అక్కడ మాట తేలేదాకా కింద ప్రార్థన ముగించే 'ఆమేన్' ఆగాలి.