బ్రేకు కాదండీ, కమాను

నరసాపురం రేవులో పంటు ఎక్కాలంటే కారు వాలులోకి దిగాలి. ముందు వశిష్ఠ గోదావరి, వెనకాల హారన్లు. అక్కడ బ్రేకు తొక్కితే మా 1972 అంబాసిడర్ ఎడమకి లాగింది. పెద్దగా కాదు, స్టీరింగు మీదున్న చేతికి తెలిసేంత. ఇంటికొచ్చి నాలుగు చక్రాలకీ లైనర్లు మార్చాను. వీల్ సిలిండర్లలో రబ్బర్లు మార్చాను. ఆయిలంతా తీసేసి కొత్తది పోశాను. రెండు ఆదివారాలు పోయాయి. కారు మళ్లీ ఎడమకే లాగింది.

చివరికి రాజమండ్రిలో చిన్నప్పట్నించీ ఈ బళ్లే చూస్తున్న ఒక మేస్త్రీ గారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బ్రేకుల జోలికే పోలేదు. వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు ముందు అంచుకీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్లు దూర్చారు. ఎడమ పక్క మూడు వేళ్లు పట్టాయి, కుడి పక్క నాలుగు.

"ఆయ్, బ్రేకు కాదండీ బాబూ, కమాను" అన్నారు.

కుడి కమాను (లీఫ్ స్ప్రింగ్) కట్టలో సెంటర్ బోల్టు తెగింది. పట్టాలన్నిటినీ గుచ్చి, ఇరుసుని దాని చోట నిలబెట్టేది వేలెడంత ఆ బోల్టే. యూ బోల్టులు కూడా వదులైతే, బ్రేకు తొక్కినప్పుడల్లా కుడి చక్రం కాస్త వెనక్కి జరుగుతుంది, ఇరుసు వంకరవుతుంది, కారు ముక్కు ఎడమకి తిరుగుతుంది. నేను మార్చిన లైనర్లకి ఏ పాపం తెలీదు.

పాత కార్లు బాగుచేసుకునేవాళ్లలో చాలామంది బ్రేకునీ కమానునీ వేరువేరు శాఖలనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. బ్రేకు పట్టేది చక్రాన్ని, ఆ చక్రాన్ని కారుకి కట్టి ఉంచేది కమాను. కట్టు వదులైతే పట్టు ఎంత బావున్నా లాభం లేదు. అందుకే ఇప్పుడు బ్రేకు మీద ఫిర్యాదు వస్తే ముందు బుష్‌లు, షాకిళ్లు, యూ బోల్టులు చూసి, ఆ తర్వాతే డ్రమ్ము ఊడదీస్తాను.

కమాను మనకి కారుతో వచ్చింది కాదు. జట్కా బండి కింద ఉన్నదీ అదే. కుంగిన పట్టాలకి మళ్లీ వంపు తెప్పించుకోవచ్చు. కానీ కొలిమిలో ఎర్రగా కాల్చి, ఇష్టం వచ్చినట్టు చల్లార్చే చోట ఇవ్వకండి. పదును పోయిన పట్టా నెల తిరక్కుండా కుంగుతుంది, లేదా విరుగుతుంది. చల్లగా ఉండగానే సుత్తితో వరసగా కొట్టి వంపు తెచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లని వెతుక్కోవాలి.

అంబాసిడర్ ముందు చక్రాలకి మాత్రం కమాను ఉండదు. కారు పొడుగునా అడుగున రెండు ఉక్కు కడ్డీలుంటాయి. చక్రం గోతిలో పడి లేస్తే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరిగి మళ్లీ విడుతుంది. టార్షన్ బార్ అంటారు. 1948 నాటి మోరిస్ మైనర్‌కి ఆలెక్ ఇసిగోనిస్ పెట్టిన ఏర్పాటు ఇలాంటిదే. దాని అన్నగారి లాంటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడరై, 2014 దాకా తయారైంది. కడ్డీలు విప్పితే కుడిది, ఎడమది అని సుద్దతో రాసుకోండి. ఏళ్ల తరబడి ఒక వైపే మెలి తిరిగిన ఉక్కుని ఎదురు మెలికకి పెడితే విరిగే ప్రమాదం ఉంది.

ఇక బ్రేకు సంగతి. పాత అంబాసిడర్లో నాలుగు చక్రాలకీ ఆయిల్ దారి ఒక్కటే. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి, మిగిలేది హ్యాండ్ బ్రేకు. కాలవ గట్టు మీద బండి నడిపేవాడు ఈ మాట మరవకూడదు, మన రోడ్లకి ఒక పక్క చేను, రెండో పక్క నీళ్లు. అదృష్టం ఏమిటంటే పెడల్ ముందుగానే చెబుతుంది. స్పాంజిలా మెత్తగా దిగితే లోపల గాలి ఉంది. తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్లో రబ్బరు అరిగింది. కాలు తీసినా ఒక చక్రం వేడెక్కుతుంటే దాని రబ్బరు పైపు లోపల ఉబ్బి దారి మూసుకుని ఉండొచ్చు. ఆ పైపు పైకి కొత్తదానిలా మెరుస్తుంది, మోసపోకండి.

బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గ్లైకాల్. గాలిలో తేమని పీల్చుకుంటుంది. కోనసీమ గాలిలో తేమకి కొదవా? రెండేళ్లకోసారి మొత్తం మార్చేయాలి. పొరపాటున ఇంజనాయిల్ కాస్త పోసినా రబ్బర్లన్నీ ఉబ్బి పాడవుతాయి. సముద్రానికి దగ్గర ఊళ్లలో ఉప్పుగాలి ఇనప పైపుల్ని క్లిప్పుల కిందే ముందు తింటుంది. క్లిప్పు తీసి చూడాలి, పైన పెయింటు చూసి కాదు.

బ్రేకు పైపుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ దగ్గర మా అన్నయ్య కూతురు, చక్రం దగ్గర నేను. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావాలి. నిపుల్‌కి తెల్ల గొట్టం తొడిగి, రెండో కొస సీసాలో ఆయిల్లో ముంచుతాను. "తొక్కు" అంటే తొక్కి, "పట్టు" అంటే పట్టుకుంటుంది. నేను నిపుల్ వదులు చేయగానే బుడగలొస్తాయి. బిగించాకే "వదులు" అనాలి, ముందే వదిలితే తీసిన గాలి మళ్లీ లోపలికే. నాలుగో తొక్కుకో అయిదో తొక్కుకో బుడగలు ఆగుతాయి. మధ్య మధ్యలో పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకోవాలి. ఒకసారి నేను మర్చిపోయి మొత్తం మొదటికొచ్చాను, ఆ పిల్ల నాతో సాయంత్రం దాకా మాట్లాడలేదు.

డ్రమ్ము తీశాక దుమ్ము ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. షూ బిగించేటప్పుడు చక్రం తిరక్కుండా ఆగేదాకా అడ్జస్టర్ తిప్పి, మళ్లీ సన్నగా గీరుకుంటూ తిరిగేంత వరకూ వదులు చేయాలి. మన ఒండ్రు నేల మీద జాకీ నిలవదు, కింద మందపాటి చెక్క వేసుకోవాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాకే. వానాకాలం కారు మూలపెడితే హ్యాండ్ బ్రేకు వేసి వదలొద్దు, షూలు తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుంటాయి. గేరులో ఉంచి చక్రాలకి రాళ్లు పెడితే చాలు.

ఇంత తంటా ఎందుకు, కొత్తరకం డిస్కు బ్రేకులు వేసెయ్యొచ్చు కదా అనేవాళ్లున్నారు. వేసుకోవచ్చు. అయితే 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ కింద 'వీఏ' నంబరు కావాలంటే దాన్ని పెద్దగా మార్చకూడదు. నా మటుకు నాకు నిబంధన కన్నా, పెడల్ చెప్పే కబురు పోతుందనే బెంగ ఎక్కువ.

సెంటర్ బోల్టు మార్చిన వారానికి మళ్లీ నరసాపురం రేవుకి వెళ్లాను. వాలులో సగం దిగి గట్టిగా తొక్కాను. తిన్నగా ఆగింది. పంటు మీద కుర్రాడు మాత్రం కారు ఎక్కించగానే చక్రం కింద చెక్క పెట్టే పెట్టాడు.