ముందు నీళ్లలో, తర్వాత పాలలో

ఎర్రవల్లి చౌరస్తాలో 44వ నంబరు జాతీయ రహదారి వదిలి బస్సులు గద్వాల దారి పడతాయి. అక్కడ చాయ్ కాసే మనిషి చేతిని ఐదు నిమిషాలు గమనిస్తే అల్లం గురించి సగం పాఠం అయిపోతుంది. బొటనవేలంత కొమ్మును చిన్న ఇనుప రోట్లో వేసి నాలుగు పోట్లు పొడుస్తాడు. మెత్తగా నూరడు. పీచు విడిపోయి రసం ఊరితే చాలు. దాన్ని మరిగే నీళ్లలో వేసి, చాయ్ పత్తా, చక్కెర వేసి, ఘాటు ఆవిరి ముక్కుపుటాలకు తగిలాకే పాలు పోస్తాడు. ముందే పాలల్ల వేస్తే పలుగుతయి అనేది ఈ పని చేసే ఎవరినడిగినా చెప్పే మాట.

పలగడం నిజమే. పచ్చి అల్లంలో మాంసకృత్తులను తుంచే ఎంజైమ్ ఒకటి ఉంది, పేరు జింజిబైన్. అది 60 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో జోరుగా పనిచేస్తుంది, నీళ్లు తెర్లేసరికి చచ్చిపోతుంది. అందుకే మరిగిన అల్లం పాల జోలికి పోదు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వాళ్లు దీన్నే తిరగేసి వాడుకున్నారు: వేడి పాలను పచ్చి అల్లం రసం మీద పోసి, అవి జున్నులా గడ్డకట్టాక చెంచాతో తింటారు. మన దగ్గర చాయ్ చెడగొట్టేది అక్కడ మిఠాయి.

అల్లం పాలమూరు నేల పంట కాదు. ఈ పంటకు 1500 మిల్లీమీటర్ల వానైనా పడాలి, లేదా విడవకుండా తడి ఇవ్వాలి. గద్వాల వైపు ఏడాది వాన 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. వనపర్తి చెలకల్లో పల్లీ, గద్వాల మడుల్లో విత్తన పత్తి, నాగర్‌కర్నూల్‌లో పత్తి, మక్క, కొల్లాపూర్‌లో మామిడి పండుతాయి. తెలంగాణలో అల్లానికి పేరున్నది జహీరాబాద్. దాని పక్కనే బీదర్. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల అంగళ్లలో గోనెపట్టా మీద మట్టితో కనిపించే కొమ్ము ఎక్కడో తడినేలలో తొమ్మిది నెలలు పెరిగి వచ్చినదే. ఊరిలో పండని సరుకు కనుక ఇంటి ఇల్లాలు దాన్ని లెక్కగా వాడింది. 2023 వానకాలంలో టమాటాతో పాటు అల్లం కూడా కిలో 200 రూపాయలు దాటినప్పుడు ఆ లెక్క ఇంకాస్త బిగిసింది.

ఆ లెక్క ఎక్కువగా కనిపించేది మాంసం వండే రోజు. గొర్రెల మందలకు పేరున్న సీమ ఇది; దసరాకు మటన్ లేని ఇల్లు తక్కువ. అల్లమెల్లిగడ్డ నూరడంలో చాలా ఇళ్లలో ఎల్లిగడ్డదే పైచేయి, అల్లం దానికి సగం. అల్లం మోతాదు మించితే కూర చేదెక్కుతుంది. పొట్టును కత్తితో చెక్కకుండా చెంచా అంచుతో గీకుతారు, ఎందుకంటే వాసనంతా పొట్టు కిందనే ఉంటుంది. ముదురు కొమ్ముకు పీచు నిలువునా పారుతుంది. అడ్డంగా బిళ్లలు కోసి రోట్లో వేస్తేనే నూరుడు సాగుతుంది. నిలువుగా కోస్తే దారాలు మిగిలి పంటి సందుల్లో ఇరుక్కుంటాయి. జారకుండా కాసింత ఉప్పు వేస్తారు, నీళ్లు మాత్రం పోయరు. నీళ్లు తగిలిన ముద్ద రెండో పూటకే పులుస్తుంది.

ఆ ముద్దను ముక్కలకు పట్టించి గంట పక్కన పెడితే చాయ్‌లో పాలను పలగొట్టే ఎంజైమే ఇక్కడ కండను మెత్తబరుస్తుంది. రాత్రంతా ఉంచితే పైపొర జావైపోతుంది. ఇక నూనెలో వేసి పచ్చి వాసన పోయేదాకా వేయించడం అసలు పరీక్ష. వేడికి అల్లంలోని ఘాటు పదార్థం జింజరాల్ కొంత జింజరోన్‌గా మారుతుంది; అది మెత్తని తీపి వాసన, నాలుకను కొట్టదు. రంజాన్ నెలలో హలీం మీద పచ్చి అల్లం సన్నగా తరిగి చల్లేది దీనికి ఎదురు: అక్కడ కావలసింది ఆ దెబ్బే. డబ్బాల్లో దొరికే పేస్టు ఈ రెండు పనులూ సరిగా చేయదు. కల్తీ పేస్టు పట్టుబడిందన్న వార్తలు హైదరాబాద్ నుంచి ఎన్నిసార్లు వచ్చాయో గుర్తుంచుకుంటే, రోలు కడుక్కోవడమే తక్కువ శ్రమ అనిపిస్తుంది.

ఎండితే కథ మారుతుంది, పేరూ మారుతుంది. తెలుగులో పచ్చిది అల్లం, ఎండింది శొంఠి, పల్లెలో సొంటి. గద్వాల సరిహద్దు దాటి రాయచూరు వైపు పోతే కన్నడంలో శుంఠి అనే ఒక్క మాటే రెంటికీ నడుస్తుంది, ముందు హసి అనో ఒణ అనో తగిలిస్తారు. (ఉత్తర కర్ణాటకలో అల్ల అనే మాటా ఉంది, అది మన మాటకు చుట్టమే.) రెండు పేర్లు పెట్టుకున్న తెలుగు వాళ్లదే మంచి పని అనాలి, ఎందుకంటే ఇవి నిజంగానే రెండు సరుకులు. ఎండేటప్పుడు జింజరాల్ నీటిని వదులుకుని షొగావాల్ అవుతుంది. ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో జింజరాల్ 60,000 అయితే షొగావాల్ 1,60,000. వంద కిలోల పచ్చిది ఎండితే ఇరవై కిలోలు మిగులుతుంది, మంట మాత్రం రెట్టింపు దాటుతుంది. కొనేటప్పుడు తెల్లగా మెరిసే కొమ్మును చూసి మురిసిపోకూడదు. అది పురుగు పట్టకుండా సున్నం పూసినదై ఉండొచ్చు. గోధుమ రంగుది, విరిస్తే టక్కున విరిగేది మేలు.

శొంఠి లేని కషాయం లేదని సామెత. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు కలిపితే ఆయుర్వేదపు త్రికటు. అదే త్రికటు బెల్లం, నెయ్యి, వాము తోడై కాయం ముద్దగా తల్లిగారింట్లో బాలింతకు అందుతుంది. కాయం ఇంటికో తీరు. బాలింతకు ఆకలి పుట్టించే తిండిగా దానికి వంక పెట్టనక్కర్లేదు. శొంఠి అరగదీసి తలనొప్పికి నొసటికి పట్టు వేయడం మరో అలవాటు. ఎక్కువసేపు ఉంచితే చర్మం పొక్కుతుంది. నాగర్‌కర్నూల్ అడవుల్లో చెంచులు కొండ చరియల నుంచి దించే తేనెలో అల్లం రసం కలిపి దగ్గుకు నాకడం పెద్దలకు హాయి. ఏడాది నిండని పసివాళ్లకు మాత్రం తేనె పెట్టకూడదని వైద్యులు గట్టిగా చెబుతారు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు మోతాదుకు మించి శొంఠి తినే ముందు డాక్టరును అడగాలి.

అల్లం మీద ఇంటి నమ్మకం, ప్రయోగశాల ఒక్క మాట మీదికి వచ్చేది వాంతుల విషయంలో. మన్ననూరు దాటి దోమలపెంట వైపు శ్రీశైలం బస్సు ఘాట్ మలుపులు తిరుగుతుంటే కిటికీల్లోంచి తలలు బయటికి వస్తాయి. బస్టాండులో అల్లం మురబ్బా కొనుక్కుని కొంగుకు కట్టుకునేది ఈ మలుపుల కోసమే. 1982లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఒక ప్రయోగంలో, ప్రయాణం పడని 36 మంది విద్యార్థులను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. శొంఠి పొడి మింగినవాళ్లు అప్పటి మామూలు మాత్ర మింగినవాళ్ల కంటే ఎక్కువసేపు తట్టుకున్నారు. వేవిళ్ల మీద తర్వాత జరిగిన పలు పరీక్షల్లోనూ అల్లానికి కొంత మంచి ఫలితమే వచ్చింది.

మురబ్బాలో చక్కెర ఎక్కువ. పాత ఇళ్లలో దానికి బదులు భావన అల్లం ఉండేది. లేత అల్లాన్ని సన్నని ముక్కలు కోసి, ఉప్పు చల్లి, నిమ్మరసంలో మునిగేలా జాడీలో పోస్తారు. లేత ముక్క రసం తగిలి గులాబీ రంగుకు తిరుగుతుంది. రాత్రి జాడీలో నానాలి, పగలు ముక్కలను పళ్లెంలో పరిచి ఎండబెట్టాలి, పొద్దు వాలగానే మళ్లీ అదే రసంలో వేయాలి. ఇలా జాడీ అడుగు పొడిబారేదాకా. వేసవిలో 42 డిగ్రీలు కాసే పాలమూరు ఎండకు నాలుగైదు రోజుల్లోనే ముక్క ముడతలు పడి, ఉప్పు తెల్లగా పేరుకుని, గోటితో గిచ్చితే తోలులా సాగుతుంది. ఆ ముక్కలు చిన్న సీసాలోకి, సీసా ప్రయాణపు సంచి పక్క జేబులోకి.