దవడ ఎముక పట్టు

పన్ను పోయిన చోట దవడ ఎముక ఉన్నది ఉన్నట్టు ఉండదు. వేరు ఉన్నంతకాలమే దానికి పని. పని పోగానే తరగడం మొదలుపెడుతుంది. ఏడాదిలో ఆ గట్టు వెడల్పు దాదాపు సగానికి పడిపోవచ్చు, అందులోనూ ఎక్కువ తరుగు మొదటి మూడు నెలల్లోనే. ముందు పోయేది పెదవి వైపు ఉండే పలచటి గోడ. నొప్పి లేదు కదా అని ఏళ్లు గడిపి వచ్చినవాళ్ల స్కాన్ చూస్తే నాకు దిగులేస్తుంది.

1952లో స్వీడన్‌లోని లుండ్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం అమర్చి రక్తప్రసరణ గమనించారు. పని అయ్యాక తీయబోతే ఊడి రాలేదు, ఎముక పట్టేసుకుంది. 1965లో తొలి పేషెంటు దవడలో ఆయన పెట్టిన ఇంప్లాంట్లు, అంటే పన్ను వేరుకు బదులు బిగించే టైటానియం స్క్రూలు, నలభై ఏళ్లు దాటి, ఆ మనిషి కన్నుమూసేదాకా నిలిచాయి.

ఆ పట్టు మన చేతిలో లేదు, చెడగొట్టడం మాత్రం మన చేతిలోనే ఉంది. స్క్రూ కోసం రంధ్రం చేసేటప్పుడు డ్రిల్లు వేడి 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉన్నా ఎముకకు హాని. అందుకే సెలైన్ ధార ఆపం. బిగించిన రోజు స్క్రూ గట్టిగానే ఉంటుంది, కానీ అది మర బిగువు. తర్వాతి రెండు మూడు వారాల్లో, నలిగిన పాత ఎముకను శరీరం తీసేస్తుంటే కొత్తది ఇంకా గట్టిపడదు. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గి, పేషెంటు గట్టివి నమలబోతాడు. స్క్రూ కదిలితే దాని చుట్టూ ఎముకకు బదులు పీచు కణజాలం పెరుగుతుంది, ఇక నిలవదు. నెలలు ఆగమని నేను బతిమాలేది ఇందుకే.

స్క్రూ పట్టడానికి ఎముక చాలకపోతే ఎముక పొడి నింపుతాం. ఆ పొడే ఎముక అవుతుందని చాలామంది నమ్మకం. నిజానికి అది ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది, దాన్ని పట్టుకుని పాకేవి పేషెంటు సొంత రక్తనాళాలు, సొంత కణాలు. కొన్ని కృత్రిమ పొడులు మెల్లగా కరిగి చోటిస్తాయి. పశువుల ఎముక నుంచి తీసిన పొడి ఏళ్ల తరబడి కొత్త ఎముక మధ్యే ఉండిపోతుంది, గట్టు తరగకుండా కాస్తుంది కూడా.

అది పశువు ఎముక అని నోటితో చెప్పాలి. సంతకం పెట్టే ఫారంలో ఒక మూల ఉంటే చాలదు. విని వద్దనే వాళ్లున్నారు, అది వాళ్ల హక్కు. కృత్రిమ పొడి ఉంది, గడ్డం దగ్గరో దవడ వెనకో కోసి తీసే సొంత ఎముక ఉంది. సొంత ఎముకకైతే ఇంకో గాయం, ఇంకాస్త వాపు తప్పవని చెప్పి, వాళ్లు కోరినదే వేస్తాను.