‘వెట్’ మాట చుట్టాలు - ‘చిత్తడి నేల’ తగిన అనువాదమేనా?

‘వెట్‌లాండ్’ అనే ఇంగ్లీషు మాటకు తెలుగు పాఠాలలోను, పత్రికలలోను ‘చిత్తడి నేల’ అనే అనువాదం వాడుకలోకి వచ్చినది. కొల్లేటిని గూర్చి వ్రాసేటప్పుడు ఈ మాట తరచుగా కనబడుతుంది. ఇది అచ్చతెలుగు మాట, పలకడానికి సులభం, చదువురానివారికి కూడా అర్థమవుతుంది. ఈ గుణాలను కాదనడానికి వీలులేదు. కాని పారిభాషిక పదానికి ఇవి మాత్రమే చాలవు. అది చెప్పవలసిన వస్తువును పూర్తిగా చెప్పవలెను. ‘చిత్తడి నేల’ ఆ పని చేస్తున్నదా? ఈ ప్రశ్నకు జవాబు కావలెనంటే ముందు ‘వెట్’ అనే మాట పుట్టుపూర్వోత్తరాలను చూడవలెను.

ఇప్పటికి వేయి సంవత్సరాల క్రితం ప్రాచీన ఇంగ్లీషులో ఈ మాట ‘వ్యాట్’ అనే ఉచ్చారణకు దగ్గరగా ఉండేది. తడిసినది అనే విశేషణంగాను, తేమ అనే నామవాచకంగాను దానిని వాడేవారు. నీటిని తెలిపే ‘వాటర్’ దానికి తోబుట్టువు. కడుగుట అనే అర్థమిచ్చే ‘వాష్’, నీటికుక్కను తెలిపే ‘ఆటర్’ కూడా ఆ ఇంటివే. ఇంగ్లీషు సరిహద్దు దాటితే జర్మనులో ‘వాసర్’, రష్యనులో ‘వొదా’, గ్రీకులో ‘హూదోర్’ కనిపిస్తాయి. ఇవన్నీ నీటి పేర్లే. లాటినులో అలను తెలిపే ‘ఉందా’ కూడా వీటి బంధువే. 1915లో హ్రోజ్నీ అనే చెక్ పండితుడు హిట్టైటు భాషను చదవగలిగినప్పుడు, మూడువేల సంవత్సరాలకు పైబడిన మట్టిపలకలలో నీటిని తెలిపే ‘వాతర్’ అనే మాట ఆయనకు దారి చూపినవాటిలో ఒకటి.

ఈ కుటుంబంలోని సంస్కృత శాఖ తెలుగువారికి బాగా పరిచయమైనదే. ఉదకం అందులోనిది. నీళ్ళన్నీ కలిసే చోటు కనుక ‘సముద్రం’ అయినది. నీటికుక్కను సంస్కృతంలో ‘ఉద్రం’ అంటారు. ఇంగ్లీషు ‘ఆటర్’కు ఇది నేరుగా సరిపోతుంది.

వినడానికి ఒకేమాదిరిగా ఉన్నంత మాత్రాన రెండు మాటలు చుట్టాలు కావు. భాషాశాస్త్రజ్ఞులు చూసేది క్రమాన్ని. సంస్కృతంలో ‘ద’కారం ఉన్న చోట ఇంగ్లీషులో ‘ట’కారం రావడం ఒక నియమం. ద్వి - టూ, దశ - టెన్, దంతం - టూత్ అనే జంటలను పోల్చి చూస్తే ఇది తెలుస్తుంది. ఉదకంలోని ‘ద’కు వాటర్‌లోని ‘ట’ జత కావడం ఈ నియమానికి లోబడినదే. సంస్కృతంలో నీటిని తెలిపే ‘వారి’ అనే మాట పైకి ‘వాటర్’ వలె వినిపించవచ్చును. కాని దాని ధాతువు వేరు. ఇక తెలుగు ‘నీరు’ ఈ కుటుంబానికి చెందినదే కాదు. అది తమిళ, కన్నడాలతో పంచుకొన్న ద్రావిడ పదం.

పూర్వపు తెలుగు శాస్త్రరచయితలు ఈ బంధుత్వాన్ని చక్కగా ఉపయోగించుకొన్నారు. 1787లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞులు ఒక వాయువుకు నీటిని పుట్టించేది అనే అర్థంలో హైడ్రోజన్ అని పేరు పెట్టినారు. దానిని తెలుగులో ‘ఉదజని’ అన్నారు. ‘హైడ్రో’కు ‘ఉద’, ‘జన్’కు ‘జని’ అనువాదాలే కాక, పుట్టుకతోనే చుట్టాలు. పైగా ఆ వాయువును మండిస్తే నిజంగానే నీరు వస్తుంది. పేరు, వస్తువు రెండూ కలిసినవి.

అయితే అదే పద్ధతిలో ఆక్సిజన్‌కు ‘ఆమ్లజని’ అని పెట్టిన పేరు మరొక పాఠం చెబుతుంది. ఆమ్లాలన్నిటిలోను ఈ వాయువు ఉంటుందని లవోయిజే నమ్మినాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదని 1810 నాటికి డేవీ చూపినాడు. ముక్కకు ముక్క అనువదించడం వలన మూలంలోని పొరపాటు కూడా తెలుగులోకి దిగుమతి అయినది. కనుక పదాన్ని విడదీసి అనువదించే ముందు, ఆ ముక్కలు వస్తువుకు సరిపోతాయా అని చూసుకొనడం అవసరం.

ఈ పరీక్షకు ‘వెట్‌లాండ్’ నిలుస్తుందా? గోదావరి పడమటి డెల్టాలో ఈ ఇంగ్లీషు మాటకు అంతకుముందే మరొక అర్థం ఉన్నది. మద్రాసు రాజధాని నాటి రెవెన్యూ లెక్కలలో భూములను ‘వెట్’, ‘డ్రై’ అని విభజించేవారు. తెలుగులో అవి మాగాణి, మెట్ట. ఈ విభజనకు ఆధారం మట్టిలోని తేమ కాదు, సర్కారు నీటి వసతి. 1847-52 సంవత్సరాలలో కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టిన తరువాత కాలువ నీరు అందిన పొలాలు మాగాణి అయినవి. తాడేపల్లిగూడెం మీదుగా సాగే ఏలూరు కాలువకు దిగువన పల్లపు వరిపొలాలు, ఎగువన మెట్ట ప్రాంతం ఉండడం నేటికీ చూడవచ్చును. మాగాణి వేసవిలో నెర్రెలు విచ్చినా లెక్కలలో అది ‘వెట్’ భూమే. మెట్ట చేను శ్రావణంలో బురద అయినా ‘డ్రై’ భూమే. తెలుగువారు దీనిని ‘తడి భూమి’ అని అనువదించక మాగాణి అనే వాడుక మాటనే ఉంచినారు. అది మంచి పనే అయినది.

ప్రకృతిశాస్త్రంలోని ‘వెట్‌లాండ్’ దీనికంటె చాలా కొత్తది. అమెరికాలో 1956లో వెలువడిన ఒక ప్రభుత్వ నివేదిక దానిని బాగా ప్రచారంలోకి తెచ్చినది. 1971లో ఇరానులోని రామ్‌సర్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం దాని అర్థాన్ని విస్తరించినది. దాని ప్రకారం బురదనేలలే కాదు, నిలిచే నీరు, పారే నీరు, మంచినీరు, ఉప్పునీరు, ఎప్పుడూ ఉండేది, కొంతకాలమే ఉండేది, మనుషులు తవ్వినది కూడా ఈ పేరుకిందికే వస్తాయి. పోటు తీసినప్పుడు 6 మీటర్లకు మించని లోతుగల సముద్రజలం సైతం అందులో చేరుతుంది.

ఈ నిర్వచనాన్ని కొల్లేటికి అన్వయిస్తే ‘చిత్తడి నేల’లోని లోపం బయటపడుతుంది. చిత్తడి అంటే వానకు తడిసి జిగటగా ఉన్న నేల. కొల్లేటి నడుమనున్న నీరు చిత్తడి కాదు, అది సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వరదనీటిని తెచ్చినప్పుడు సరస్సు విస్తరిస్తుంది. నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోయి, వేసవి వచ్చేసరికి అంచులు ఎండిపోతాయి. ఎండిన అంచును ‘చిత్తడి నేల’ అంటే విద్యార్థి నమ్మడు. అక్కడ చిత్తడి లేదు గదా! కాని శాస్త్రం దృష్టిలో అది సరస్సులో భాగమే. వచ్చే వరదకు చోటు అదే.

ఈ అంచు విషయం మాటల పట్టింపు మాత్రమే కాదు. 1999లో 5 అడుగుల కాంటూరు వరకు సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించినారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అనగా 901 చదరపు కిలోమీటర్లు. 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగగొట్టించినది. ఏది సరస్సు, ఏది పొలం, ఏది చెరువు అనే ప్రశ్న అక్కడి ప్రజల జీవనాన్నీ, వరద వచ్చినప్పుడు చుట్టుపట్ల ఊళ్ళ క్షేమాన్నీ తాకినది. పైగా భారత ప్రభుత్వం 2017లో చేసిన నియమాలు వరిపొలాలను, చేపల పెంపకానికి ప్రత్యేకంగా కట్టిన నిర్మాణాలను ఈ నిర్వచనం నుండి మినహాయించినవి. ఒకే ఇంగ్లీషు మాట రెవెన్యూ లెక్కలో ఒకటి, రామ్‌సర్ పత్రంలో మరొకటి, ఈ నియమాలలో ఇంకొకటి చెబుతున్నది. ‘వెట్’ పుట్టుక ఎంత తెలిసినా ఈ మూటిలో ఏది ఉద్దేశింపబడినదో తెలియదు. ఎవరు, ఎందుకు వాడినారో చూచినప్పుడే తెలుస్తుంది.

కనుక ‘చిత్తడి నేల’ను పూర్తిగా విడువనక్కరలేదు. బురదగా ఉండి రెల్లు, తుంగ పెరిగే చోటికి దానిని పరిమితం చేయవచ్చును. సరస్సు, ఏరు, తీరజలం, ఎండే అంచు అన్నిటినీ కలిపి చెప్పవలసినప్పుడు ‘నీటినేల’ వంటి మాట మేలు. నీరు నేలను ఏలే చోటు అనే భావం అందులో ఉన్నది. బురద తప్పనిసరి అనే సూచన లేదు. ఇంతకంటె మంచి మాట కొల్లేటి లంకలలోని పల్లెకారుల వాడుకలోనే దొరకవచ్చును. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల ఉపాధ్యాయులు తమ విద్యార్థులచేత నీరు నిలిచే చోట్లకు, పారే చోట్లకు, ఎండే చోట్లకు ఊరివారు వాడే పేర్లను సేకరింపజేసి, ఏ పేరు ఏ ఋతువులో, ఎంత లోతు నీటికి చెల్లుతుందో వ్రాయిస్తే భాషాపాఠమూ, ప్రకృతిపాఠమూ ఒకేసారి నేర్పినట్లవుతుంది. అటువంటి పట్టిక చేతిలో ఉంటే పారిభాషిక పదాలు కూర్చేవారు నిఘంటువు మీదనే ఆధారపడవలసిన అవసరం ఉండదు.