చట్టం తర్వాతి స్త్రీ: జపాన్ సినిమాలో ఓహారు నుంచి కునికో దాకా

జపాన్ సినిమా గురించి మన దగ్గర మాట్లాడుకునేటప్పుడు కొన్ని మాటలు తప్పకుండా దొర్లుతుంటాయి. నిదానం, మౌనం, సంయమనం. కురొసావా వానలు, చాప మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఓజు నిలిపిన కెమెరా, కోత లేకుండా సాగే మిజొగుచి షాట్లు. ఈ మెప్పులో అబద్ధమేమీ లేదు. హైదరాబాద్‌లో పరిశోధన చేసే రోజుల్లో నేనూ ఈ సినిమాలకు అలాగే వశమయ్యాను. నేల మీద కూర్చుని తినడం, గడప దగ్గర చెప్పులు విడవడం, పెద్దవాళ్ల ముందు గొంతు తగ్గించుకునే కోడళ్లు... యూరప్ సినిమాలో దొరకని దగ్గరితనం ఇక్కడ దొరుకుతుంది. ఆ దగ్గరితనం వల్లే మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలనుకుంటాను. తెర మీద మనం మెచ్చుకుంటున్న ఆ మౌనం ఎవరిది? ఆ ఓర్పు వెనక ఉన్న చాకిరీ ఎవరిది?

ఓజు 'టోక్యో స్టోరీ' (1953)లో ముసలి తల్లిదండ్రుల్ని కన్నబిడ్డలకన్నా బాగా చూసుకునేది యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న కోడలు నొరికో. ఆ పాత్ర వేసిన సెత్సుకో హారా చిరునవ్వు గురించి ప్రపంచమంతా రాసింది. అదే నొరికో చివర్లో మామగారి ముందు, తాను వాళ్లనుకున్నంత మంచిదాన్ని కాదని, భర్త గుర్తుకు రాని రోజులు కూడా ఉన్నాయని చెబుతుంది. సినిమాలో అన్నిటికన్నా నిజమైన క్షణం నాకు అదే. మన విమర్శకులు మాత్రం చిరునవ్వు దగ్గరే ఆగిపోతారు.

స్త్రీల దర్శకుడని పేరు తెచ్చుకున్నవాడు కెంజి మిజొగుచి. ఆయన అక్క సుజును పేదరికం వల్ల కుటుంబం పెంపకానికి ఇచ్చేసింది. ఆమె గైషా అయింది. తర్వాత తమ్ముణ్ణి ఆదుకున్నది ఆ అక్కే. అమ్ముడుపోయిన ఆడవాళ్ల కథల్ని ఆయన జీవితమంతా తీశాడంటే ఆశ్చర్యం లేదు. 'ద లైఫ్ ఆఫ్ ఓహారు' (1952)లో ప్రభువు ఇంట్లో వారసుణ్ణి కనడానికి, తండ్రి అప్పు తీర్చడానికి, మగవాళ్ల మురిపానికి ఓహారు చేతులు మారుతూనే ఉంటుంది. చివరికి ముసలితనంలో ఇంటింటా భిక్ష అడుక్కుంటూ వెళ్లిపోతుంది. ఆ వెళ్లిపోవడం ఎంత అందంగా ఉంటుందంటే కన్నీళ్లు పెట్టుకుని తృప్తిగా హాల్లోంచి బయటికి వస్తాం. నాకు ఇబ్బంది ఆ తృప్తితోనే. ఆమె రేపు ఏం తింటుందన్న ప్రశ్నను ఆ అందం మనకు రానివ్వదు.

ఈ మాట మిజొగుచికీ తెలుసేమో. 1956 మార్చిలో విడుదలైన ఆయన ఆఖరి చిత్రం 'స్ట్రీట్ ఆఫ్ షేమ్'లో అందం బాగా తగ్గి లెక్కలు పెరిగాయి. టోక్యోలోని యొషివారాలో ఒక వేశ్యాగృహం. జబ్బు భర్తనూ చంటిబిడ్డనూ పోషించే హనయె, తోటివాళ్లకు వడ్డీకి అప్పులిచ్చే యసుమి, కొడుకు అసహ్యించుకుంటే మతి చెడిపోయే యుమెకొ. వేశ్యావృత్తి నిషేధ బిల్లు మళ్లీ వీగిపోయిందని తెలియగానే యజమాని, ప్రభుత్వం చేయని సేవ తామే చేస్తున్నామని ఆ ఆడవాళ్లకు ఉపన్యాసమిస్తాడు. నిజజీవితంలో ఆ చట్టం అదే ఏడాది మేలో ఆమోదం పొందింది. శిక్షలతో సహా పూర్తిగా అమల్లోకి వచ్చింది 1958లో. ఆ మార్పు చూడకుండానే మిజొగుచి 1956 ఆగస్టులో చనిపోయాడు.

ఆయన ఆగిన చోట కథ అందుకున్నది కినుయో తనకా. ఓహారు ఆమే. మిజొగుచి సినిమాలు పదికి పైగా చేసి, ఆయన ఊహించిన బాధనంతా ఒంటి మీద మోసిన నటి. 1953లో 'లవ్ లెటర్'తో ఆమె దర్శకురాలైంది. అంతకుముందు జపాన్‌లో కథాచిత్రం తీసిన స్త్రీ 1936లో తజుకో సకానె ఒక్కతే. తనకా దర్శకత్వానికి మిజొగుచి అడ్డుపడ్డాడని చరిత్రకారులు రాశారు. స్త్రీల బాధను అంత సూక్ష్మంగా చూపినవాడు స్త్రీ చేతికి కెమెరా వెళ్లడాన్ని ఒప్పుకోలేకపోయాడు. నరుసె ఆమెను తన సినిమాకు సహాయకురాలిగా పెట్టుకున్నాడు, ఓజు తాను సహ రచన చేసిన స్క్రిప్టు ఇచ్చాడు. అదే 1953లో మన భానుమతి 'చండీరాణి'కి దర్శకత్వం వహించింది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు' తీసింది. భానుమతిని పొగరుతో, సావిత్రిని విషాదంతో గుర్తుపెట్టుకున్నాం. దర్శకులుగా వాళ్లు ఏం చూశారో చర్చించినవాళ్లు తక్కువ.

తనకా తీసిన ఆరు సినిమాల్లో నన్ను పట్టుకుని వదలనిది 'గర్ల్స్ ఆఫ్ ద నైట్' (1961). మసాకో యానా నవల, సుమియె తనకా స్క్రీన్‌ప్లే, కినుయో తనకా దర్శకత్వం. నిషేధ చట్టం వచ్చాక పట్టుబడిన స్త్రీలను ఉంచే పునరావాస గృహంలో కథ మొదలవుతుంది. ఆ గృహాన్ని చూడడానికి మహిళా సంఘం సభ్యులు వస్తారు. మర్యాదగా, జాలిగా, ఒకింత కుతూహలంగా చూస్తారు. సభలకూ సర్వేలకూ వెళ్లే మనమే వాళ్లు. కునికో అక్కడినుంచి బయటపడి కిరాణా కొట్లో పనికి చేరుతుంది. గతం తెలియగానే అక్కడ నిలవలేకపోతుంది. ఫ్యాక్టరీలో తోటి కార్మికురాళ్లే ఆమెను హింసిస్తారు. గులాబీ తోటలో ఒకతను ప్రేమిస్తాడు, అతని కుటుంబం ఒప్పుకోదు. చట్టం ఆమెను విడిపించింది. విడిపించిన మనిషికి చోటివ్వాలని ఏ చట్టమూ సమాజానికి చెప్పలేదు.

ఈ సినిమా చూస్తున్నంతసేపూ నా మనసు కోటగిరిలోనే ఉంది. నిజామాబాద్ జిల్లాలో నా ఈడు వాళ్లెవరికీ జోగిని అన్న మాట కొత్త కాదు. ఎల్లమ్మకో పోచమ్మకో పేరు పెట్టి మాల, మాదిగ వాడల ఆడపిల్లల్ని దేవతకు ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత ఆమె ఊరి మగవాళ్ల సొత్తు. నా చిన్నప్పుడు మా వైపు అలాంటి పెద్దామె ఒకామె ఉండేది. జాతరలో ఆమె ముందు నడవాలి, పీనుగ ముందు ఆమె ఆడాలి, బంతిలో మాత్రం అందరికన్నా వెనక కూర్చోవాలి. మా అమ్మ ఆమెకు అన్నం పెట్టేది, పక్కన మాత్రం కూర్చునేది కాదు.

1980లలో మా పక్కనే ఉన్న వర్నిలో హేమలతా లవణం 'చెల్లి నిలయం' పెట్టారు. జాషువా గారి కూతురు జోగినిని 'చెల్లి' అని పిలవడం చిన్న విషయం కాదు. వాడలో ఆ పిలుపే ఉండి ఉంటే నిలయం అవసరమయ్యేదా? 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దేవదాసీ అంకిత నిషేధ చట్టం చేసింది. ఇకముందు పిల్లల్ని దేవతకు ఇవ్వడం నేరమయింది. అప్పటికే జోగినిగా బతుకుతున్నామె సంగతి? పిల్లవాడి బడి ఫారంలో తండ్రి పేరు దగ్గర ఏం రాయాలి? బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కామె జరుగుతుందా, జరగదా? ఫ్యాక్టరీలో కునికోకు ఎదురైన ప్రశ్న సరిగ్గా ఇదే. మగవాళ్లు వాడుకుంటే, ఆడవాళ్లు వెలివేస్తారు. పితృస్వామ్యం మన చేతులతో చేయించే పని అది. దాన్ని దాచకుండా చూపినందుకే తనకా నాకు మిజొగుచి కన్నా దగ్గరిదైంది.

తనకా దగ్గర కూడా నేను ఒప్పుకోలేనిది ఒకటుంది. చివరికి కునికో అన్నీ వదిలేసి సముద్రంలో మునిగి పనిచేసే అమా స్త్రీల మధ్యకు చేరుతుంది. ఆ నీళ్లు, ఆ ఎండ, ఆ స్త్రీల సహవాసం చూస్తే ఊపిరి ఆడుతుంది. కానీ ఆ సముద్రంలో గతాన్ని కడిగేసుకోవాలన్న సూచన ఉంది. కడుక్కోవలసింది కునికోనా? పైగా ఆమెకు ఎవరూ ఎరగని ఒడ్డు దొరికింది. జోగినికి అదీ లేదు. ఏ మగవాళ్లు తనను వాడుకున్నారో వాళ్ల ఇళ్ల ముందునుంచే ఆమె రేషన్ దుకాణానికి నడవాలి. ఏ కొడుకు ముఖంలో ఎవరి పోలిక ఉందో ఊరందరికీ తెలిసిన చోటనే ఆ కొడుకును పెంచాలి.

దశాబ్దాల పాటు తనకాను ప్రపంచం నటిగానే గుర్తుపెట్టుకుంది. 2021 తర్వాత ఆమె సినిమాలు బాగుచేసిన ప్రతులతో ఉత్సవాల్లోకి వచ్చాయి. ఇప్పుడైనా మన విశ్వవిద్యాలయాల్లో జపాన్ సినిమా అంటే సమురాయ్ కత్తులూ నొరికో చిరునవ్వులూ మాత్రమే కాకుండా ఈమెను కూడా చూపాలి. చూపాక వర్ని గురించీ మాట్లాడాలి. 1955లో మన తెర మీద సావిత్రి మధురవాణి అయింది. తెలివైన, మంచి మనసున్న వేశ్యను మనం గుండెలకు హత్తుకున్నాం. కథ ముగిశాక ఆమె ఏ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుంది, పక్కింటివాళ్లు ఆమెకు మంచినీళ్లిచ్చారా అన్నది మనం ఇంకా రాయలేదు. ఊరు వదలకుండా, ఏ సముద్రమూ లేకుండా, అదే వాడకట్టులో తలెత్తుకు బతికిన స్త్రీ కథ అది. దాన్ని చెప్పగలిగిన ఆడవాళ్లు మా జిల్లాలో ఉన్నారు. సందర్శకులుగా కాకుండా వాళ్ల పక్కన కూర్చుని వినే పని మనది.