సెంటర్‌లో రూమ్

తెనాలి నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "పెదనాన్నా, నేనూ మా ఫ్రెండూ శుక్రవారం తెల్లవారుజామున హైదరాబాద్‌లో దిగుతాం. ఆదివారం రాత్రి బస్సుకి వెళ్లిపోతాం. తక్కువలో, సెంటర్‌లో, ఒక రూమ్ చూసిపెట్టండి." మా ఇంట్లో ఉండండ్రా అంటే మొహమాటం అన్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో తొమ్మిదిన్నరకల్లా లైట్లు ఆర్పేస్తాం.

నన్ను ఇబ్బంది పెట్టింది ఆ "సెంటర్" అన్న మాట. కోస్తా ఊళ్లలో సెంటర్ అంటే నాలుగు రోడ్లు కలిసే చోటు, టీ కొట్టు, ఆటోలు, ఒక విగ్రహం. హైదరాబాద్‌లో దాన్ని చౌరస్తా అంటారు. మా దిల్‌సుఖ్‌నగర్ వైపు ఎవరైనా "సెంటర్‌కి వెళ్తున్నా" అంటే కోచింగ్ సెంటర్‌కి అని అర్థం. రూములు బుక్ చేసే యాప్‌లో సెంటర్ అంటే చార్మినార్‌కో హుస్సేన్ సాగర్‌కో ఎన్ని కిలోమీటర్లన్న అంకె. వాడు వీటిలో దేన్ని అడిగాడో వాడికీ తెలిసినట్టు లేదు.

నేనుండేది చైతన్యపురి. మెట్రో ఎక్కితే నగరం వైపు ఒక్క స్టేషన్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఇటు విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్బీ నగర్. రెండూ నాకు పెరటి చెట్లే కాబట్టి ఇన్నాళ్లూ వైద్యానికి వాడలేదు. వాళ్లొచ్చే ముందరి ఆదివారం మాత్రం రెండుచోట్లా మెట్లెక్కి దిగి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌నూ ఎల్బీ నగర్ లాడ్జినీ రెండు పుస్తకాల్లా పక్కపక్కన పెట్టుకుని చదివాను.

ముందుగా ఒక మాట. విదేశీ యాత్రికులు బ్యాక్‌ప్యాకర్ హాస్టల్ అని దేన్నంటారో, గోడల నిండా బొమ్మలు, మూల ఒక గిటారు, అందరూ కలిసి వండుకునే వంటగది, మంచానికో తెరా దీపమూ, ఆ తరహా వసతి మా తూర్పు వైపు నాకెక్కడా తగల్లేదు. 2013లో మొదలైన జోస్టెల్ వంటి సంస్థలు ఆ పద్ధతిని మన దేశంలో అలవాటు చేశాయి. మన నగరంలో అలాంటివి వెతికితే ఎక్కువగా పడమట, ఐటీ కొలువులున్న వైపే తేలతాయి. అక్కడ పడుకుని పాతబస్తీ చూడాలంటే రోజూ ఊరు దాటి ఊరొచ్చినట్టే.

కానీ ఆ హాస్టల్ అన్నదాని పుట్టుక చూడండి. 1909లో జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లల్ని నడక యాత్రకు తీసుకెళ్తే దారిలో గాలివాన ముంచుకొచ్చింది. ఒక పల్లెటూరి బడిలో గడ్డి పరిచి అందర్నీ పడుకోబెట్టాడు. సెలవుల్లో ఖాళీగా ఉండే బడి గదులు బాటసారులకు ఎందుకివ్వకూడదన్న ఆలోచన ఆ రాత్రిదే. ప్రపంచమంతటా ఉన్న యూత్ హాస్టళ్లకు అదే విత్తనం. అంటే హాస్టల్ పుట్టిందే చదువు చూరు కింద. ఆ లెక్కన గిటారున్న చోటి కంటే, గైడు పుస్తకాల కట్టలున్న దిల్‌సుఖ్‌నగరే దానికి దగ్గరి చుట్టం.

పీ అండ్ టీ కాలనీ, గడ్డిఅన్నారం, కమలా నగర్ సందుల్లోకి వెళ్తే ఆకాశం కంటే బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. బాయ్స్ హాస్టల్, లేడీస్ హాస్టల్, "ఎగ్జిక్యూటివ్" అని ఇంకో మెట్టు పైది. టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న డాబా ఇళ్లే ఇవి. హాలుకు అడ్డంగా ప్లైవుడ్ చెక్క కొట్టి, వరండాలో షూ స్టాండు పెట్టి హాస్టల్ చేశారు. నేను చూసిన గదిలో నాలుగు ఇనుప మంచాలు, ఒకటి ఖాళీ. తక్కిన ముగ్గురిలో ఒకరు గ్రూప్స్‌కి, ఒకరు బ్యాంకు పరీక్షకి, మూడో అతను ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సుకి. వార్డెన్ దాపరికం లేకుండా చెప్పాడు: "రోజు లెక్కన ఇస్తాం సార్. నెలకుండేవాళ్లొస్తే మాత్రం మంచం వాళ్లదే."

ఆ ఒక్క మాటలో దిల్‌సుఖ్‌నగర్ అంతా ఉంది. అక్కడి మంచం ఉండిపోయేవాడి కోసం వేసింది. మూడు రోజుల మనిషి, ఒక విద్యార్థి ఖాళీ చేసి మరో విద్యార్థి వచ్చేలోపు దొరికిన సందులో పడుకుంటాడు. టిఫిన్, రెండు పూటల భోజనం, ఆదివారం చికెన్ అన్నీ అద్దెలోనే కలిసి ఉంటాయి. మధ్యాహ్నం చార్మినార్ దగ్గర తిరిగేవాడు తన వంతు పప్పుచారు వదులుకోవాల్సిందే, డబ్బు వెనక్కి రాదు. రాత్రి పదిన్నరకు గేటు. పదకొండింటికి పక్క మంచం మీద పాలిటీ పుస్తకం తెరిచి ఉంటే ఫోన్‌లో మనం తీసుకున్న ఫొటోలు చూస్తూ నవ్వడానికి నోరు రాదు.

దీనికి బదులుగా దొరికేది చిన్నదేమీ కాదు. ఆ ముగ్గురూ ఏదో ఒక జిల్లా నుంచి బస్సు దిగినవాళ్లే, ఊరిని పైసా పైసా లెక్కపెట్టి నేర్చుకున్నవాళ్లు. ఏ కర్రీ పాయింట్‌లో కూర ఎన్నింటికి అయిపోతుందో, గోల్కొండకి మెట్రోలో ఎక్కడ దిగి ఏ బస్సెక్కాలో (లక్డీకాపూల్‌లో దిగి మెహదీపట్నం మీదుగా), సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవని, ఏ గైడు పుస్తకమూ ఇంత నమ్మకంగా చెప్పదు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లకైతే నా ఓటు కళ్లు మూసుకుని ఇక్కడి లేడీస్ హాస్టల్‌కే. లాడ్జి కౌంటర్ దగ్గర "ఒక్కరేనా?" అన్న ప్రశ్న, దాని వెనక చూపు, ఇక్కడ ఉండవు. గేటు టైముతో పేచీ ఉంటుంది. అది వేరే సంగతి.

ఇక ఎల్బీ నగర్. లాల్‌బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకుని 2007 దాకా తన మున్సిపాలిటీ తనదిగా ఉండి, ఆ ఏడు జీహెచ్‌ఎంసీలో కలిసిన ఊరు. విజయవాడ హైవే, ఉప్పల్ నుంచి చాంద్రాయణగుట్ట వైపు తిరిగే ఇన్నర్ రింగ్ రోడ్డు, రెండూ వచ్చి ఇక్కడ కలుస్తాయి. తెనాలి మాటలో చెప్పాలంటే అచ్చమైన సెంటర్ ఇదే. ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక బండ్లు ఆగకుండా పోతున్నాయి, సంచి పట్టుకుని రోడ్డు దాటే మనిషి మాత్రం ఆగిపోతున్నాడు.

మొబైల్ షాపుకీ మెడికల్ షాపుకీ మధ్య ఇరుకు మెట్లు, పైన గ్రానైట్ కౌంటరు, వెంకటేశ్వర స్వామి పటం, "చెక్ ఔట్ 24 గంటలు" అన్న బోర్డు. రిజిస్టరులో గళ్లు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, వచ్చిన పని. హాస్టల్ ఫారంలో ఈ గళ్లు లేవు. అక్కడడిగింది ఏ కోచింగ్, తండ్రి ఫోన్ నంబరు. హాస్టల్‌కు నువ్వెవరి పిల్లాడివో కావాలి, లాడ్జికి నువ్వెప్పుడు పోతావో కావాలి. నా ఆధార్ చూపిస్తే కౌంటర్ కుర్రాడు అడ్రసు చదివి, "లోకలా సార్? లోకల్ వాళ్లకివ్వం" అని కార్డు వెనక్కి తోశాడు. సొంత ఊళ్లో రూమ్ అడిగేవాడు సరైనవాడు కాదని లాడ్జి నమ్మకం. మా తమ్ముడి కొడుకు కోసం అంటే నమ్మాడో లేదో, గది మాత్రం చూపించాడు. రెండు మంచాలు, ఒక టీవీ, తెరిస్తే హైవే వినిపించే కిటికీ.

ఉండేవాడికీ పోయేవాడికీ ఉన్న ఈ తేడాను సర్కారు కూడా గుర్తించిందని గుర్తొచ్చి నవ్వొచ్చింది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్, మనిషికి నెలకు 20,000 రూపాయల లోపుండే వసతికి పన్ను మినహాయించింది, కాకపోతే వరసగా 90 రోజులుండాలని షరతు పెట్టింది. వార్డెన్ నోట విన్నదే చట్టం భాషలో.

లెక్కలోకి వద్దాం. మావాడు శుక్రవారం పొద్దున ఐదింటికి దిగి ఆదివారం రాత్రి పదకొండింటికి బస్సెక్కుతాడు. మొత్తం 66 గంటలు. 24 గంటల లెక్క పాటించే లాడ్జిలో అది మూడు అద్దెలు. మధ్యాహ్నం 12కి రోజు మారే హోటల్లో అయితే దిగిన ఏడు గంటలకే ఒక అద్దె అయిపోయి, మొత్తం నాలుగవుతాయి. పొద్దున ఐదింటికి దిగే బస్సు జనం వల్లే 24 గంటల పద్ధతి లాడ్జిల్లో బతికుందని నా అనుమానం. తెల్లవారి దిగేవాడికి దీన్ని మించిన న్యాయం లేదు. హాస్టల్ రాత్రుల్ని లెక్కపెడుతుంది, రెండే. కానీ అక్కడ ఇద్దరికి రెండు మంచాల డబ్బు, ఇక్కడ ఇద్దరికీ ఒకే గది. ఒక్కడికి హాస్టల్ చవక. ఇద్దరొస్తే తరాజు ఊగుతుంది. ముగ్గురైతే లాడ్జే.

నగరం లోపలికి ఎంత దూరమన్న ప్రశ్నను మెట్రో దాదాపు చెరిపేసింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా రైలు మొదలవక ముందు మలక్‌పేట దాటడమే ఒక పూట పని. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎంజీబీఎస్ నాలుగో స్టేషన్, ఎల్బీ నగర్ నుంచి ఏడోది. అక్కడ దిగితే సాలార్‌జంగ్ నడక దూరం, చార్మినార్‌కి ఆటో. తేడా మూడు స్టేషన్లు, పట్టుమని పది నిమిషాలు కాదు. పైగా ఎల్బీ నగర్ మొదటి స్టేషన్, పొద్దున సీటు దొరుకుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కేవాడు స్తంభం పట్టుకుని నిలబడతాడు. తిరుగు ప్రయాణంలో నిద్రపోయినా ఎల్బీ నగర్ వాడికి భయం లేదు, రైలే అక్కడితో ఆగిపోతుంది. ఫిల్మ్ సిటీకి, దారిలో కృష్ణజింకలుండే హరిణ వనస్థలికి వెళ్లాలన్నా ఇటువైపు ఉన్నవాడే ముందు.

ఇంకో పాత సంగతి. ఎల్బీ నగర్ దాటి అదే హైవే మీద వెళ్తే హయత్‌నగర్. అక్కడ కుతుబ్‌షాహీల నాటి మసీదు చుట్టూ వరసగా చిన్న చిన్న గదులున్నాయి. గోల్కొండ నుంచి మచిలీపట్నం వెళ్లే బాటలో బిడారులకు కట్టిన సరాయి అది. హయాత్ బక్షీ బేగం పేరు మీదుగా ఆ ఊరికీ మసీదుకూ ఆ పేరు. ఆ గదుల ముందు నిలబడితే ఎల్బీ నగర్ లాడ్జి గుర్తుకు రాక మానదు. అదే దారి, అదే కొలత గది, పొద్దున్నే వెళ్లిపోయే మనుషులు. ఇటు, రెండు పేటల మధ్య మెట్రో స్టేషన్‌కి పేరిచ్చిన విక్టోరియా మెమోరియల్, ఆరవ నిజాం కాలం నుంచీ అనాథ పిల్లలు ఉండి చదువుకునే చోటు. పోయేవాడికో గూడు, ఉండేవాడికో గూడు, ఈ రోడ్డు మీద ముందు నుంచీ వేరువేరుగానే ఉన్నాయి.

అయితే లాడ్జి గదిలో కూర్చుని సాయంత్రం ఏం చేస్తారు? ఎల్బీ నగర్‌కి సాయంత్రం లేదు, రద్దీ గంటలున్నాయంతే. దిల్‌సుఖ్‌నగర్‌కి ఉంది. సాయిబాబా గుడి దగ్గర గురువారం జనం, కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల పరిసరాలు, మిర్చి బజ్జీ బండ్లు, బేరమాడే బట్టల దుకాణాలు, క్లాసు వదిలాక ఒక్కసారిగా రోడ్డు నిండే పిల్లలు. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలింది సరిగ్గా ఈ జనం మధ్యే. ఆ రాత్రి మా వీధిలో ప్రతి ఇంటి ఫోనూ మోగుతూనే ఉంది. ఆధార్ జిరాక్స్ రెండోసారి అడిగితే విసుక్కునే కుర్రాళ్లకు నేనీ తేదీ చెప్తుంటాను. వారం తిరక్కుండానే బజ్జీల బండ్లు మళ్లీ వెలిగించుకున్న పేట ఇది.

అందుకని మావాడికి చెప్పాను: పడక ఎల్బీ నగర్‌లో, సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లో. ఇద్దరున్నారు కాబట్టి లాడ్జి. ఒక్కడివే వస్తే మాత్రం హాస్టల్, పాలిటీ పుస్తకం వాడి పక్కన.

వచ్చారు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుందని చెప్పినా వెళ్లి గేటు చూసి వచ్చారు. శనివారం ఫిల్మ్ సిటీ. ఆదివారం మధ్యాహ్నం ఆ ఫ్రెండు, పాపం నెమ్మదస్తుడు, నన్నడిగాడు. "అంకుల్, మీరు చూసిన ఆ హాస్టల్ ఒకసారి చూపిస్తారా? గ్రూప్-2 కోచింగ్ కనుక్కుందామని." తీసుకెళ్లాను. ఆ మంచం ఇంకా ఖాళీగానే ఉంది. వార్డెన్ ఈసారి రోజు లెక్క ఎత్తలేదు, అడ్వాన్స్ ఎంతో చెప్పి తండ్రి ఫోన్ నంబరు అడిగాడు.

రాత్రి ఎల్బీ నగర్‌లో బస్సెక్కింది మావాడొక్కడే. రెండో సంచి దిల్‌సుఖ్‌నగర్‌లో, హాస్టల్ మెట్ల కింద ఉండిపోయింది.