నొప్పి ఒకచోట, ముడి మరోచోట

మా గోరంట్ల పక్క బుడ్డల (వేరుశనగ) పంట పండేది సగం భూమిలో, సగం ఆడోళ్ల నడుముల మీద. విత్తనం కాయలు ఎండాకాలంలోనే చేత్తో ఒలవాలి. మిషన్‌కు వేస్తే పప్పు దెబ్బతిని మొలక తగ్గుతుందని రైతుల భయం. ఆ తర్వాత కలుపు, పీకడం, కాయ తెంపడం, అంతా వంగో, గొంతుక్కూచునో చేసే పనే. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. పదును ఉన్న నాలుగు రోజుల్లోనే పనంతా అయిపోవాలి. నెలంతా ఖాళీగా ఉన్న కండ మీద ఒక్కసారిగా పొద్దున్నుంచి మాపటిదాకా పని పడుతుంది. కరువు నడుముల్లోకి దిగేది ఇట్లా.

నాకు పెద్దమ్మ వరసయ్యే ఒకామెకు పిర్ర నుంచి మడమ దాకా గుంజుడు. ‘నరం పట్టుకునింది’ అని ఊరంతా తేల్చేసింది. బెంగళూరు పోయి స్కానింగ్ తీయించమని సలహాలు. దానికి ముందు ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకుపోయాం.

“యాడ నొస్తాందమ్మా?”

“ఈడ్నుంచి ఈడికి దిగుతాంది సార్.”

ఆయన కాలు ఎత్తి చూశాడు, మోకాలి కింద సుత్తితో తట్టాడు, పాదం మీద దూది రాసి స్పర్శ తెలుస్తోందా అని అడిగాడు. నరం నొక్కుకుపోయిన లక్షణాలేవీ కనిపించలేదు. పక్కకు పడుకోబెట్టి, తుంటి ఎముక అంచుకు రోంత కింద బొటనవేలితో వెతుకుతూ పోయాడు. ఒకచోట కండలో తాడులాగా బిగిసిన పోగు తగిలింది. దాని మీద వేలు ఆనించగానే, “అబ్బా, అదే! మడమ కాడికి పోతాంది” అని పెద్దమ్మ అరిచింది. వేలు తుంటి మీద, నొప్పి మడమలో! ఆయన పిసకలేదు, రుద్దలేదు. ఓర్చుకోగలిగినంత బరువు వేసి వేలు అట్లే ఉంచాడు. మెల్లగా ఊపిరి వదలమన్నాడు. అర నిమిషం దాటాక ఆమె ముఖం సడలింది. ఆ తర్వాతే అసలు ప్రశ్న వేశాడు: “దినామూ యేం పని చేస్తావమ్మా, ఎట్ల కూచుంటావు?”

ఇట్లాంటి ముడులనే ట్రిగర్ పాయింట్లు అంటారు. నొప్పి దారి తప్పి ఇంకోచోట కనిపిస్తుందన్న సంగతిని 1938లో జాన్ కెల్‌గ్రెన్ అనే డాక్టరు లండన్‌లో ప్రయోగం చేసి చూపాడు. కండల్లోకి ఉప్పునీళ్లు ఎక్కించి, ఎక్కడ నొస్తోందో చెప్పమన్నాడు. సూది గుచ్చిన చోటికి దూరంగా నొప్పి పలికింది. ఆ దారిలో జీవితమంతా పనిచేసినావిడ అమెరికా డాక్టర్ జానెట్ ట్రావెల్. మెడ పక్క భుజం మీది కండ బిగిస్తే కణతలో తలనొప్పి వస్తుందని, ఇట్లా ఒక్కో కండకూ నొప్పి పటం గీయించి, డేవిడ్ సైమన్స్‌తో కలిసి 1983లో పెద్ద గ్రంథం తెచ్చింది. అధ్యక్షుడు కెనెడీ నడుము నొప్పికి వైద్యం చేసి, 1961లో వైట్‌హౌస్ వైద్యురాలైన తొలి మహిళ ఆవిడే. సూది మందుతో ఆగకుండా కెనెడీ కాళ్లలో ఒకటి పొట్టిగా ఉందని గమనించి చెప్పు మడమ ఎత్తు చేయించింది, ఊగే కుర్చీలో కూచోమంది. ఆవిడ గొప్పతనమంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది.

ఈ విద్య మీద అనుమానాలూ ఉన్నాయి. ఒకే మనిషిని ఇద్దరు నిపుణులు తడిమితే ముడి ఫలానా చోటే ఉందని ఇద్దరూ ఒప్పుకోవడం కష్టం. ఈ సిద్ధాంతమే నిలబడదని 2015లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ క్వింట్నర్, ఆయన సహచరులు గట్టిగా రాశారు. నొక్కితే కొంతకాలం ఉపశమనం దొరుకుతుందన్న మాట వరకు నేను నమ్ముతాను. సుశ్రుతుడి మర్మస్థానాలు ఇవేనని వాట్సాప్‌లో తిరిగేదాన్ని మాత్రం నమ్మను. ఆయన చెప్పిన 107 మర్మాలు దెబ్బ తగలకుండా కాపాడుకోవాల్సిన చోట్లు.

ఇంట్లో చేసుకోవాలంటే గోడకూ వీపుకూ మధ్య టెన్నిస్ బంతి పెట్టి ఆనుకుంటే చాలు. ఆ తర్వాత మన ఉప్పు కాపడం, కండను మెల్లగా సాగదీయడం. వెన్నెముక మీద, గొంతు ముందు భాగంలో నొక్కకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ జోలికి పోకూడదు. పిల్లోల్ని ఎక్కించి నడుము తొక్కించుకునే అలవాటు మానుకుంటే మంచిది. కాలు మొద్దుబారి బలం తగ్గినా, ఒంటేలు మీద పట్టు తప్పినా, ఎడమ చెయ్యి నొప్పితో పాటు ఛాతీ బిగిసినా బంతి పక్కన పడేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. మా గోరంట్ల పక్క ఇంకో చిక్కుంది. చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990లలో సత్యసాయి నీటి పథకం వచ్చేదాకా ఆ నీళ్లే తాగిన తరం మాది. ఫ్లోరైడ్ పట్టి బిగిసిన వెన్నుకు ఏ బొటనవేలూ పనిచేయదు.

పెద్దమ్మకు నాలుగు వారాల్లో నొప్పి బాగా తగ్గింది. కలుపు మొదలు కాగానే మళ్లీ వచ్చింది. ఇప్పుడు గంటకోసారి లేచి నిలబడుతుంది, సాలు మారినప్పుడల్లా కాలు మారుస్తుంది. “కూలికి పిలిచినోళ్లు ఊరికే చూస్తారా?” అని నాతో అంది. చూడనివ్వాలి. చేను గలవాళ్లకు నా మనవి ఇదే: గంటకు రెండు నిమిషాలు లేచి నిలబడితే మీ పని ఆగదు.

నిలబడే వీల్లేక, నొప్పి ఆపుకోవడానికి డైక్లోఫెనాక్ లాంటి మాత్ర మింగి ఎండలో నీళ్లు తాగకుండా పనిచేస్తే దెబ్బ కిడ్నీల మీద పడుతుంది. నెలల తరబడి దినామూ నొప్పి మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ వారమే ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించండి.